వాంతి రాకముందే

గాజువాక దాటాక బస్సులో ఒక పెద్దావిడ, గుంటడిని అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి తీసుకెళ్తున్న తల్లికి ధైర్యం చెబుతోంది: "వాంతులైతే మందు ఎక్కినట్టేనమ్మా, బెంగెట్టుకోకు." వారమంతా ఆ మాట నన్ను గుచ్చుతూనే ఉంది. మందు పనిచేయడానికీ వాంతికీ లంకె లేదు. కీమో మందు ఎక్కగానే పేగు గోడల్లోని కణాలు సెరటోనిన్ వదులుతాయి. అది నరాలను రెచ్చగొట్టి మెదడుకు కబురు పంపుతుంది. ఆ కబురుకి అడ్డుపడేదే ఆండన్‌సెట్రాన్. కాకపోతే అది కీమో ఎక్కించకముందే పడాలి.

ఇక సుబ్బారావుగారు వచ్చేస్తారని పాత పాఠకులు కనిపెట్టే ఉంటారు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం అమెరికాలో లెడర్లీ కంపెనీలో అమినాప్టెరిన్ తయారుచేసింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దాన్ని లుకేమియా పిల్లలకిచ్చాడు. 1948లో అచ్చయిన ఫలితాల్లో 16 మందిలో 10 మందికి కొన్నాళ్లయినా జబ్బు తగ్గుముఖం పట్టింది. ఆ ఏడాదే సుబ్బారావుగారు పోయారు. అమినాప్టెరిన్‌కి తోబుట్టువైన మెథోట్రెక్సేట్ ఇప్పటికీ లుకేమియా పిల్లలకు ఇస్తున్నారు. ఆండన్‌సెట్రాన్ మాత్రం అమెరికాలో 1991లో గానీ రాలేదు. నడుమ నలభై ఏళ్లకు పైగా పిల్లలు బేసిన్ పక్కన పెట్టుకునే వైద్యం చేయించుకున్నారు. బతికించే మందుకి దొరికిన శ్రద్ధ, ఓర్చుకునేలా చేసే మందుకి ఆలస్యంగా దొరికింది.

ఇప్పుడు ఆ లోటు లేదు. కాకపోతే కీమో మందులన్నీ ఒకేలా వాంతి తెప్పించవు. బిళ్లగన్నేరు నుంచి వచ్చిన విన్‌క్రిస్టిన్‌కి వాంతులు అరుదు. సిస్‌ప్లాటిన్‌కైతే ఆండన్‌సెట్రాన్‌కి డెక్సామెథసోన్, అప్రెపిటెంట్ కూడా తోడు కావాలి. పైగా సిస్‌ప్లాటిన్ వాంతి మర్నాడూ, ఆ తర్వాతా రావచ్చు. "ఇవాళ కక్కలేదుగా" అని ఇంటికిచ్చిన మాత్రలు అలమరలో దాచకండి. మొదటి విడతలోనే గట్టిగా అడ్డుకోవాలి. లేకపోతే తర్వాత ఆసుపత్రి గేటు చూడగానే పిల్లాడికి డోకు రావచ్చు. ఆ డోకుకి మాత్రలు అంతగా పనిచేయవు.

అంతా మాత్రల మీదే ఉందని ముగించేవాణ్ణే. కానీ 1978లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనం గుర్తొచ్చింది. వాంతి తెప్పించే కీమోకి ముందు ఐస్‌క్రీమ్ తిన్న పిల్లల్లో చాలామంది, తర్వాత అదే ఐస్‌క్రీమ్ పెడితే వద్దన్నారు. ఏ కష్టానికైనా మాడుగుల హల్వాయే మందని ఏళ్లుగా వాదిస్తున్న ఈ కాలమ్, అందుకే ఇప్పుడు ఎదురుమాట చెబుతోంది: కీమో రోజున పిల్లాడికి ప్రాణమైన తిండి పెట్టకండి, వాడికి ఉన్న ఆ ఒక్క ఇష్టమూ పోవచ్చు. కోలుకున్నాక హల్వా పెట్టండి. ఆ పూటకి, వాడు తినగలిగితే, ఉప్మా చాలు. ఉప్మాకి ఒక ఉపయోగం ఉందని నేను రాస్తానని మీరూ అనుకుని ఉండరు.