బ్రెడ్డు మెషీన్‌కి, కేకు చేతికి

ఏటా క్రిస్మస్ దగ్గర పడుతోందంటే హైదరాబాద్ స్టార్ హోటళ్ల నుంచి ఒకే రకం ఫొటోలు పత్రికలకు వస్తాయి. పొడవాటి బల్ల, దాని మీద గుట్టలుగా ఎండుద్రాక్ష, ఖర్జూరం, చెర్రీ, జీడిపప్పు, టూటీ ఫ్రూటీ. చుట్టూ తెల్ల టోపీలు, చేతి తొడుగులు వేసుకున్న అతిథులు. పైనుంచి ధారగా పోస్తున్న రమ్ము. జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్‌లకు చెందిన తెలిసిన ముఖం అందులో తరచూ ఒకటుంటుంది. దీన్ని కేక్ మిక్సింగ్ అంటారు. ఈ వారం ఆ ఫొటోలూ, బ్రెడ్ మేకర్ల పండగ ప్రకటనలూ ఒకేసారి కంటపడ్డాయి. అన్నీ వేసి బటన్ నొక్కితే చాలు, బ్రెడ్డూ కేకూ రెండూ అదే చేసేస్తుందన్నది ఆ ప్రకటనల సారాంశం. ఒకరు వంట చేయకుండానే చేతులు కలుపుతున్నారు. ఇంకొకరు అసలు చెయ్యే అక్కర్లేదంటున్నారు. ఇద్దరి మీదా చిరాకు వేసింది. ఇద్దర్నీ కొట్టిపారేద్దామనే రాయడం మొదలుపెట్టాను గానీ, విషయంలోకి దిగేకొద్దీ ఇద్దరి మాటలోనూ సగం నిజం ఉందని ఒప్పుకోక తప్పడం లేదు.

బేకింగ్ అని రెండిటినీ ఒకే గాటన కట్టేస్తాం గానీ, బ్రెడ్డుకీ ఫ్రూట్ కేకుకీ ఓవెన్ తప్ప వేరే చుట్టరికం లేదు. బ్రెడ్డుకి ప్రాణం ఈస్ట్. దానికి కావలసింది సమయం, వెచ్చదనం. 300 గ్రాముల మైదాకి 200 మిల్లీలీటర్ల నీళ్లు, 5 గ్రాముల ఉప్పు, 3 గ్రాముల ఇన్‌స్టంట్ ఈస్ట్, ఒక చెంచా నూనె. సాదా బ్రెడ్డంటే ఇంతే. (కప్పులతో కొలవొద్దు, కాటా మీద తూయండని ఈ కాలమ్‌లో పోరుతూనే ఉన్నాను, ఇంకోసారి పోరుతున్నాను. కప్పు ఒకటే అయినా డబ్బాలో ముంచి తీస్తే ఒక బరువు, చెంచాతో నింపితే ఒక బరువు.) పిండిలోని గ్లూటెన్ సాగి పట్టు వచ్చేదాకా పావుగంట పిసకాలి. గంటో గంటన్నరో వదిలేయాలి. పొంగినదాన్ని అణిచి మళ్లీ పొంగనివ్వాలి. ఆ తర్వాత ముప్పావుగంటకు పైగా కాల్చాలి. ఈ మూడున్నర, నాలుగు గంటల్లో మనిషి బుద్ధికి పని ఉండేది కొద్ది నిమిషాలే. మిగతాదంతా ఒకే తీరు శ్రమ, లేదంటే కాపలా. బ్రెడ్ మేకర్ మన దగ్గర నుంచి తీసుకునేది ఆ శ్రమనీ ఆ కాపలానీ. ఆ కొద్ది నిమిషాలు మాత్రం మనవే. పిండి కలపడం మొదలైన ఐదో నిమిషంలో మూత ఎత్తి చూడాలి. ముద్ద గిన్నె గోడల్ని వదిలి, అడుగున అంటీ అంటనట్టు తిరుగుతుండాలి. వేలితో తాకితే జిగురు తెలియాలి, వేలు తీస్తే పిండి వెంట రాకూడదు. గోడలకు పట్టి సాగుతుంటే చెంచాడు పిండి, పొడిగా దడదడ కొట్టుకుంటుంటే చెంచాడు నీళ్లు వెయ్యాలి. చపాతీ ముద్దకంటే ఇది మెత్తగా ఉండాలి. చపాతీకి అలవాటు పడ్డ చెయ్యి ఇక్కడ పిండి ఎక్కువ చల్లేసి బ్రెడ్డుని గట్టిపరుస్తుంది.

బటన్ నొక్కి చేసింది కూడా వంటేనా, చేతి కళ పోదా అనేవాళ్లు ఈ యంత్రం ఎలా పుట్టిందో తెలుసుకోవాలి. 1980ల నడుమ జపాన్‌లో మత్సుషిటా కంపెనీ ఇంట్లో వాడే బ్రెడ్ మెషీన్ తయారుచేయబోయి తడబడింది. పైన మాడేది, లోపల పచ్చిగా ఉండేది. అప్పుడు ఆ బృందంలోని సాఫ్ట్‌వేర్ నిపుణురాలు ఇకుకో తనాకా, ఒసాకా ఇంటర్నేషనల్ హోటల్ ప్రధాన బేకర్ దగ్గరికి వెళ్లి శిష్యరికం చేసింది. ఆయన పిండిని లాగడమే కాదు, లాగుతూ మెలిపెడుతున్నాడని కనిపెట్టింది. ఆ మెలిక రావడానికి ఇంజనీర్లు గిన్నె లోపలి గోడలకు గట్లు పెట్టారు. యంత్రం 1987లో మార్కెట్లోకి వచ్చింది. అంటే ఆ గిన్నెలో తిరిగేది ఒక నిపుణుడి మణికట్టు కదలిక. చేతి కళ అక్కడ చావలేదు, ఆ బేకర్‌ని ఎన్నడూ చూడని ఇళ్లకు చేరింది. ఇక యంత్రం ముట్టుకుంటే కళ పోతుందన్న మాట ఫిల్మ్‌నగర్‌లో అసలే చెల్లదు. నెగెటివ్ కడిగే ల్యాబులు పోయి డిజిటల్ వచ్చినప్పుడు కూడా ఈ భయమే వినిపించింది. లైటు ఎక్కడ పెట్టాలో తెలిసిన కన్నుకి అప్పుడూ పని ఉంది, ఇప్పుడూ ఉంది. అంతెందుకు, రుబ్బురోలు పోయి గ్రైండర్ వచ్చి దశాబ్దాలయింది. ఇడ్లీ బాగా కుదిరిందా లేదా అన్నది ఈనాటికీ పప్పు, రవ్వ పాళ్ల మీద, పులుపు పసిగట్టే ముక్కు మీద ఆధారపడే ఉంది.

చేత్తో చేసిందన్న మెప్పు వెనక ఇంకో సంగతి ఉంది. జూబ్లీహిల్స్ రోడ్ నంబర్ 36, 45 వెంట ఉన్న కేఫ్‌లలో చేత్తో చేసిన సోర్‌డో బ్రెడ్డుకి ఇప్పుడు గొప్ప గౌరవం. ఆ మోజు బంగళాల వంటగదుల్లోకీ వచ్చింది. అక్కడ పిండి పిసికేది ఎవరు? చాలా ఇళ్లలో కృష్ణానగర్ నుంచో, యూసుఫ్‌గూడ నుంచో, బోరబండ నుంచో పొద్దున్నే వచ్చే వంటమనిషి. టిఫిన్లు, భోజనాలు, మధ్యలో వచ్చిపోయే అతిథులకు టీలు, వీటన్నిటి మీద ఈ పిసుకుడు ఒకటి. చేతిపని మీద మన ప్రేమ ఆమె మణికట్టు మీద భారమవుతుంటే, ఆ ప్రేమ గురించి పునరాలోచించాలి. పొద్దున్న ఆరింటి కాల్షీటుకి బయల్దేరేవాళ్లున్న ఇంట్లో అయితే తాజా బ్రెడ్డు కోసం ఎవరో ఒకరు రాత్రి రెండింటికి లేవాలి. మెషీన్‌లోని టైమర్ ఆ పని తప్పిస్తుంది. రాత్రి నీళ్లు, వాటి మీద పిండి, పిండిలో చిన్న గుంట చేసి తడి తగలకుండా ఈస్ట్ వేసి వదిలేస్తే తెల్లారేసరికి అందుతుంది. టైమర్ పెట్టినప్పుడు పాలు, గుడ్డు వెయ్యకూడదు. మన వేడికి రాత్రికి రాత్రే పాడవుతాయి. పాలపొడి వాడుకోవచ్చు.

అంత ఖర్చు పెట్టి మెషీన్ కొనడమెందుకు, కిరాణా కొట్లో బ్రెడ్డు దొరకదా అన్నది బలమైన ఆక్షేపణే. డబ్బు లెక్క ఒక్కటే చూస్తే కొట్టు బ్రెడ్డే గెలుస్తుంది, అందులో వాదం లేదు. కానీ ఆ చవకకి సమయం బలవుతోంది. 2016 మే నెలలో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 38 బ్రెడ్డు నమూనాలు పరీక్షిస్తే, 84 శాతంలో పొటాషియం బ్రోమేట్ గానీ అయొడేట్ గానీ బయటపడ్డాయి. మరుసటి నెలలోనే బ్రోమేట్ వాడకాన్ని ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిషేధించింది. భయపెట్టడానికి ఇది గుర్తుచేయడం లేదు. ఆ రసాయనాన్ని బేకరీలు ఎందుకు వాడాయన్నదే ఇక్కడ ముఖ్యం. నెమ్మదిగా పులిస్తే పిండికి దానంతట అది వచ్చే పట్టుని త్వరగా తెప్పించడానికి వాడాయి. నాలుగు గంటలు ఓపిక పట్టే యంత్రం ఇంట్లో ఉంటే ఆ తొందర అక్కర్లేదు. ఇంట్లో చేసిన బ్రెడ్డు మర్నాటికే గట్టిపడుతుందంటారు, నిజమే. బ్రెడ్డు గట్టిపడడం ఫ్రిజ్‌లో ఇంకా త్వరగా జరుగుతుంది, అందుకే మిగిలినదాన్ని ముక్కలు కోసి ఫ్రీజర్‌లో పెట్టాలి. లేదా నెయ్యిలో వేయించి డబుల్ కా మీఠా చేసుకోవాలి. హైదరాబాద్‌లో మిగిలిన బ్రెడ్డు గురించి దిగులు పడాల్సిన పని లేదు.

ఇక కేకు. ప్రకటనల మాట నేను ఒప్పుకోనిది ఇక్కడే. మెషీన్‌లో ‘కేక్’ అని ఒక బటన్ ఉంటుంది, దాని జోలికి పోవద్దు. బ్రెడ్డుకి వరమైన పిసుకుడు కేకుకి శాపం. పిండి తడిసాక ఎంత తిప్పితే గ్లూటెన్ అంత బిగుస్తుంది, కేకు అంత రబ్బరులా సాగుతుంది. వెన్నా పంచదారా కలిపి తెల్లగా నురగలెత్తేదాకా గిలకొట్టడం, గుడ్లు ఒక్కొక్కటే విరిగిపోకుండా కలపడం, చివర్లో పిండిని పైపైన కలిపి ఆపెయ్యడం, ఇవన్నీ ఎప్పుడు ఆపాలో తెలియాల్సిన పనులు. గుండ్రంగా తిరగడమే తెలిసిన రెక్కకి అవి రావు. పళ్లు వెయ్యమని అది బీప్ కొట్టే వేళ దాటితే ఎండుద్రాక్ష సరిగ్గా కలవదు. ముందే వేస్తే గుజ్జు చేస్తుంది. పళ్ల ముక్కలు అడుక్కి దిగిపోకుండా మైదా అద్దమని అందరూ చెబుతారు గానీ, అసలు కాపాడేది పిండి చిక్కదనం. గరిటెతో ఎత్తి వంచితే జారకుండా కాసేపు నిలిచి, ముద్దగా పడాలి. ముదురు రంగు కోసం పంచదారని పొగ లేచేదాకా కాల్చి వేడినీళ్లు పోస్తారు. ఒక్క క్షణం ముందైతే రంగు రాదు, ఒక్క క్షణం ఆలస్యమైతే చేదు. ఆ క్షణాన్ని ఏ టైమరూ పట్టుకోలేదు.

కేకు విషయంలో వేడిని అద్దెకి తెచ్చుకోవడం పాత పద్ధతే. సికింద్రాబాద్ క్రైస్తవ కుటుంబాలు ఇంట్లో పళ్లు నానబెట్టి, పిండి కలిపి, గిన్నెలతో వీధి చివరి బేకరీకి మోసుకెళ్లి అక్కడి భట్టీలో కాల్పించుకునేవి. మొహర్రంలో దమ్ కా రోట్‌కి పాతబస్తీ ఇళ్లు చేసిందీ ఇదే. కలపడం ఇంటిది, కాల్చడం బజారుది. ఎవరూ దాన్ని నామోషీ అనుకోలేదు. ఇది తెలిశాక ఆ హోటల్ ఫొటోల మీద నా చిరాకు సగానికి తగ్గింది. తొడుగులు, టోపీలు నాకు ఇప్పటికీ నచ్చవు. కానీ ఫ్రూట్ కేకులో నలుగురు కలిసి చెయ్యి పెట్టాల్సిన చోటు కలపడమేనని వాళ్లు సరిగ్గానే పట్టుకున్నారు. ఇంట్లో ఓవెన్ లేకపోతే పాత ప్రెషర్ కుక్కర్ చాలు. గాస్కెట్, వెయిట్ తీసేసి, అడుగున అంగుళం మందాన ఉప్పు పోసి, సన్నటి సెగ మీద గంటన్నర. కంపెనీలు కుక్కర్‌ని నీళ్లు లేకుండా వేడి చెయ్యొద్దంటాయి కాబట్టి ఒక పాతదాన్ని దీనికే కేటాయించాలి. పైన ఎరుపెక్కదన్నది నిజం. మందపాటి మూకుడులో దిబ్బరొట్టె వేసి మూత మీద నిప్పులు పోసిన మన పెద్దలకి ఈ లోపమూ తెలుసు, దాని మందూ తెలుసు. ఇప్పుడు నిప్పులెక్కడ దొరుకుతాయంటే, ఫ్రూట్ కేకు పైభాగం ఎలాగూ చక్కెర పాకంతోనో బాదంపప్పుతోనో కప్పేదే.

మెషీన్ అమ్మేవాళ్లను అడగాల్సింది ఒకటుంది. పెట్టెలో వచ్చే పుస్తకం చాలాసార్లు ఇంగ్లిష్‌లో ఉంటుంది, లేదంటే హిందీలో. వంటగదిలో దాన్ని వాడేది తెలుగు చదివే మనిషి. తెలుగు పుస్తకం వెయ్యండి, మన ఎండలకి సరిపడేలా వెయ్యండి. మత్సుషిటా బృందం జపాన్ ఎండాకాలానికే జంకి, ఈస్ట్ ముందే పొంగిపోకుండా దాన్ని ఆలస్యంగా వేసే ఏర్పాటు చేసింది. మే నెల హైదరాబాద్‌కి అదీ చాలదు, ఫ్రిజ్ నీళ్లు పొయ్యమని రాయాలి. మర పట్టించిన గోధుమపిండి మైదాకంటే ఎక్కువ నీళ్లు తాగుతుంది, 300 గ్రాములకి 225 నుంచి 240 మిల్లీలీటర్ల దాకా పడతాయని రాయాలి. మొదటి నెల సగం మైదా, సగం గోధుమపిండితో చేసి, చెయ్యి తిరిగాక మైదా తగ్గించుకోమని రాయాలి.