‘ఆదిత్య 369’ – ఉత్తరభాగ ప్రసక్తి

చలనచిత్రమును సాహిత్యవిమర్శకు విషయముగా గ్రహించుటను కొందఱు మిత్రులు ఆక్షేపింపవచ్చును. ఐనను పూర్వుడు విడిచినదానిని పిదపవాడు అందుకొనుట యనునది ఆంధ్రసాహిత్యమునకు చిరపరిచితమగు సమస్య. కావున 1991లో శ్రీ సింగీతం శ్రీనివాసరావుగారి దర్శకత్వమున వెలువడిన ‘ఆదిత్య 369’ చిత్రమునకు రాగలదని పలుమారులు వినవచ్చిన ఉత్తరభాగమును గూర్చి నాలుగు మాటలు చెప్పుట అప్రస్తుతము కాదని తలంచుచున్నాము.

2025 ఏప్రిల్ 4వ తేదీన ఆ చిత్రము పునర్విడుదల యైనప్పుడు మేము మా పరిశోధక విద్యార్థులతో గూడి చూచితిమి. వారిలో నొకడు ముదిగుబ్బవాడు. ధర్మవరము–పాకాల రైలుదారిలో, వేరుసెనగచేల నడుమ నున్న ఆ యూరు 2022 వఱకు అనంతపురము జిల్లాలోనిది; ఇపుడు శ్రీ సత్యసాయి జిల్లాలోనిది. వెలుపలికి వచ్చునపుడు అతడు, “సార్, ఆ యంత్రం మా ముదిగుబ్బలో దిగింటే ఏం కనపడేది?” అని యడిగెను. తక్కినవారు నవ్విరి. మాకు నవ్వు రాలేదు.

చిత్రకథ పాఠకులలో పెక్కుమందికి తెలిసినదే. ఆచార్య రామదాసు నిర్మించిన కాలయంత్రమున కృష్ణకుమారుడు, హేమ అనువారు యాదృచ్ఛికముగా 1526వ సంవత్సరమునకు పోవుదురు. శ్రీకృష్ణదేవరాయలను, తెనాలి రామకృష్ణుని దర్శింతురు. పిదప 2504కు పోయి, మహాయుద్ధానంతరము భూగర్భమున తలదాచుకొన్న జనమును చూతురు. వర్తమానమున జరిగిన యొక వజ్రచౌర్యము కథకు సూత్రము. బీజము ఎచ్. జి. వెల్సు 1895లో ప్రకటించిన నవలలోనిది. కాని వెల్సు యంత్రము భవిష్యత్తునకే పోయినది. దానిని ముందుగా భూతకాలమునకు, అందును రాయల కొలువునకు మరల్చుట దర్శకుని సొంత ప్రతిభ. భవిష్యద్భాగము పేలవము, దానిపై కాలము వ్యయింప పనిలేదు.

రాయలుగను కృష్ణకుమారుడుగను నటించినవారు ఒక్కరే, శ్రీ నందమూరి బాలకృష్ణగారు. దీనిని కేవలము ద్విపాత్రాభినయ చమత్కృతిగా భావించుట పొరపాటు. నాలుగువందల యేండ్లు వెనుకకు పోయిన నేటి మనుజుడు సింహాసనముపై తన ముఖమునే చూచుకొనును. చిత్రమునకు బలమిదియే, దోషమునకు మూలమును ఇదియే. పూర్వకాలమున మనమందఱము రాజులమే అన్న భ్రాంతి ఎంత తీయనిదో అంత అసత్యము.

రాయల కాలమున విజయనగరమును చూచిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ బజారులను, రత్నములను వర్ణించి ఊరకుండలేదు. రాయలు త్రవ్వించుచుండిన యొక చెఱువుకడ పదునైదు, ఇరువదివేల మంది చీమలవలె పనిచేయుచుండిరని వ్రాసెను. కట్ట పలుమారులు తెగగా, మనుష్యులను, గుఱ్ఱములను, దున్నలను బలియిచ్చిరనియు అతడే వ్రాసెను. అంతకు పూర్వము బుక్కరాయల కుమారుడు భాస్కరుడు వేయించిన పోరుమామిళ్ళ తటాకశాసనమున రెండేండ్లపాటు దినమునకు వేయిమంది కూలీలు, నూఱుబండ్లు పనిచేసినట్లు కలదు. ఆ శాసనము 1369 నాటిది. చిత్రనామముతో దాని అంకెలు కలియుట కాకతాళీయమే యైనను ముచ్చటగొలుపును. సాలుకు సుమారు 550 మిల్లీమీటర్ల వాన కురియు ఈ పీఠభూమిలో రాయల కాలమనగా ముందుగా చెఱువుకట్ట. చిత్రమున చెఱువు లేదు. వజ్రము మాత్రము కలదు, అదియు దొంగిలింపబడుటకే. తొలకరి కాగానే వజ్రకరూరు చేలలో వానకు కడిగిన మట్టిని వెదకుచు తిరుగు జనమును ఎఱిగినవారికి ఈ వజ్రకథ ఒకింత వెలితిగా తోచును.

నన్నయ విడిచిన అరణ్యపర్వశేషమును ఎఱ్ఱన పూరించిన విధము ఇచట స్మరణీయము. నన్నయ శైలితో ఆరంభించి క్రమముగా తిక్కన శైలికి చేరెనని పెద్దలు చెప్పుదురు. కృతిని తన ప్రభువునకు గాక, నన్నయ పేరిట రాజరాజనరేంద్రునకే అంకితము చేసెను. అతడు పూరించినది లోపమును. వైభవమును ద్విగుణీకరించుట అతని ఉద్దేశము కాదు. నేడు ఉత్తరభాగ మనగా పూర్వచిత్రము మెప్పించిన దానినే మఱింత పెద్దదిగా చూపుట యను భావము ప్రబలినది. 2024 చివర బాలకృష్ణగారు ‘ఆదిత్య 999’ రాగలదనియు, అందు తన కుమారుడు మోక్షజ్ఞ నటించుననియు ప్రకటించిరి. అంకె పెరిగినది. ఏది పూరింపదలచిరో తెలియదు. వంశము నిలుచుట వేఱు, కథ నిలుచుట వేఱు.

పాశ్చాత్యమున 1981లో మొదలైన ‘ఇండియానా జోన్సు’ చిత్రమాల 2023లో అయిదవ చిత్రముతో ముగిసినది. అందు వృద్ధుడైన నాయకుడు క్రీ. పూ. 212 నాటి సిరక్యూసు ముట్టడిలో పడి, అచటనే నిలిచిపోవ గోరును. చిత్రము గొప్పది కాదు. కాని గడచిన కాలమును దాచక కథావస్తువుగా గ్రహించినది. ‘ఆదిత్య 369’ విడుదలకును పునర్విడుదలకును నడుమ గడచినవి 34 ఏండ్లు. కాలయంత్రమే కథయైన చోట ఈ యెడము పెట్టుబడి కావలెను.

పరంపరయు ఇందుకు అనుకూలమే. సింగీతంవారు ‘మాయాబజారు’ చిత్రమునకు కె. వి. రెడ్డిగారికడ సహాయకులుగా పనిచేసినవారు. రెడ్డిగారు మన తాడిపత్రివారు. ‘పాతాళభైరవి’లో వారు సాహసమును అప్పగించినది రాజపుత్రునకు కాదు, తోటమాలి కొడుకు తోటరామునకు. గురువు మొదలిడిన ఆ దారిని శిష్యుడు 1991లో కొలువుకూటము వాకిట విడిచెను. ఎఱ్ఱనవంటివాడు దొరకినచో అందుకొనవలసిన తెగిన కొస ఇదియే యని మా అభిప్రాయము.

ముదిగుబ్బ విద్యార్థి ప్రశ్నకు ఆనాడు మేము సమాధానము చెప్పలేదు. మొన్నటి వేసవి సెలవులలో అతడు తన మండలమునందలి పాతచెఱువు కట్టలవెంట నడచి, తూములయొద్ద నిలిచియున్న రాళ్ళపై అక్షరములేమైన గలవేమో చూచి వచ్చెను. రెండింటిపై వ్రాత గలదట. అచ్చులు తీయించు పని ఇంక మిగిలియున్నది.