మండించి వదిలేసే గ్యాస్‌కూ లెక్క ఉంది

మాంగో వంతెన మీదుగా సువర్ణరేఖ దాటి సాక్చీ వైపు వచ్చేవాళ్లకు టాటా స్టీల్ చిమ్నీలు కొత్త కాదు. జంషెడ్‌పూర్ తెలుగువాళ్లలో తాతల నాటి నుంచీ ఆ కర్మాగారం అన్నం తిన్న కుటుంబాలు చాలానే ఉన్నాయి. చిమ్నీ అందరికీ కనిపిస్తుంది. లోపల లావుపాటి గొట్టాల్లో తిరిగే గ్యాస్ సంగతి మాత్రం ప్లాంటు ఉద్యోగుల ఇళ్లు దాటి బయటికి రాదు. రావలసిన విషయమే అది.

బ్లాస్ట్ ఫర్నేస్‌లో టన్ను ఇనుము తయారయ్యేసరికి దాదాపు 1,500 ఘనమీటర్ల గ్యాస్ పైకి వస్తుంది. అందులో సగం నైట్రోజనే. మండేది ముఖ్యంగా కార్బన్ మోనాక్సైడ్. ఘనమీటరుకు 800 కిలోకేలరీలకు అటూ ఇటూ, అంటే బలహీనమైన ఇంధనం. కోక్ ఓవెన్ గ్యాస్‌లో హైడ్రోజన్, మీథేన్ ఎక్కువ కనుక దాని శక్తి సుమారు అయిదింతలు. ఇనుమును ఉక్కుగా మార్చే కన్వర్టర్ నుంచి వచ్చే ఎల్‌డీ గ్యాస్ ఈ రెండింటికీ నడుమ ఉంటుంది. అదీ ఆక్సిజన్ ఊదుతున్నంతసేపే వస్తుంది.

బలహీనమని తీసిపారేస్తే నష్టం ఎంత? సాధారణ బాయిలర్, టర్బైన్ సామర్థ్యంతో లెక్కవేసినా వెయ్యి ఘనమీటర్ల బ్లాస్ట్ ఫర్నేస్ గ్యాస్ నుంచి దాదాపు 300 యూనిట్ల కరెంటు వస్తుంది. దాన్ని ఫ్లేర్ స్టాక్ మీద ఊరికే కాల్చేస్తే అన్ని యూనిట్లూ బయటినుంచి కొనాలి, లేదా ఆ మేరకు బొగ్గు కాల్చాలి. టాటా పవర్, టాటా స్టీల్ కలిసి నెలకొల్పిన ఇండస్ట్రియల్ ఎనర్జీ లిమిటెడ్ జంషెడ్‌పూర్‌లోనే ఇలాంటి గ్యాసులతో 120 మెగావాట్ల కేంద్రం నడుపుతోంది.

విశాఖ ఉక్కు ఇంకో మెట్టు ఎక్కింది. అక్కడ బ్లాస్ట్ ఫర్నేస్ గ్యాస్‌ను కాల్చకముందే, దాని ఒత్తిడితోనే తిరిగేలా 12 మెగావాట్ల టర్బైన్లు రెండు పెట్టారు. ఎర్రగా కాలిన కోక్‌ను నీళ్లు పోసి చల్లార్చకుండా నైట్రోజన్‌తో చల్లారుస్తారు. ఆ వేడితో పుట్టిన ఆవిరి 7.5 మెగావాట్ల టర్బైన్లు రెంటిని తిప్పి, ఒత్తిడి తగ్గాక ప్లాంటు అవసరాలకు వెళ్తుంది. ఒకే ఆవిరితో కరెంటూ, వేడీ రెండూ. కోజనరేషన్ అంటే ఇదే.

యంత్రాలు కొన్నంత మాత్రాన ఈ పొదుపు చేతికి రాదు. గ్యాస్ ఎవరి కోసమూ ఆగదు. ఫర్నేస్ నెమ్మదిస్తే గ్యాస్ నిలవ ఉంచే హోల్డర్‌లో పిస్టన్ దిగుతుంది, వెంటనే బాయిలర్‌కు గ్యాస్ తగ్గించి బొగ్గో ఆయిలో పెంచాలి. రోలింగ్ మిల్లు ఆగితే పిస్టన్ ఎక్కుతుంది, గ్యాస్‌ను బాయిలర్ వైపు మళ్లించడం ఆలస్యమైతే ఫ్లేర్ తెరుచుకుంటుంది. షిఫ్టంతా ఆ మట్టం మీదే కన్నేసి ఉంచే ఆపరేటర్ల నేర్పుకు దక్కాల్సిన గౌరవం దక్కడం లేదు.

ప్రమాదమూ చిన్నది కాదు. వంటగ్యాస్ లీకైతే వాసన వస్తుంది, కార్బన్ మోనాక్సైడ్ (సీవో)కు వాసనే ఉండదు. అందుకే గ్యాస్ లైన్ల దగ్గరికి వెళ్లేవాళ్ల ఒంటిమీద సీవో మానిటర్ ఉండి తీరాలి. పొదుపు పేరుతో అక్కడ రాజీ పడితే అది నేరమే.

ఖర్‌కాయి నది అవతల ఆదిత్యపూర్‌లోని చిన్న ఫోర్జింగ్ యూనిట్లకు ఇంత గ్యాస్ ఉండదు. కానీ వాటి ఫర్నేసుల పొగగొట్టాల్లోంచి వేడి పోతూనే ఉంటుంది. రిక్యుపరేటర్ పెట్టి ఆ వేడితో బర్నర్ గాలిని ముందుగా కాచుకుంటే ఇంధనం ఆదా అవుతుంది. యజమానులు ఈసారి ఎనర్జీ ఆడిట్ చేయించేటప్పుడు కరెంటు మీటర్‌తో పాటు పొగగొట్టంలోని ఉష్ణోగ్రత కూడా కొలిపించి రాయించుకోవాలి.