బార్కస్ సైనికుని మనోగాయం - తెలుగు విమర్శ చూడని పార్శ్వం

ఆంగ్లంలోని 'బ్యారక్స్' దక్కనీ నోట నలిగి 'బార్కస్' అయింది. హైదరాబాదు పాతనగరంలో చాంద్రాయణగుట్ట సమీపాన ఉన్న ఈ వాడ, యెమెన్‌లోని హజ్రమౌత్ నుంచి వచ్చి నిజాం కొలువులో చేరిన అరబ్బు సైనికుల స్థావరం. వీరిని స్థానికంగా 'చావూష్'లంటారు. అది ఒట్టోమన్ సైన్యంలోని ఒక హోదా. 1948 తరువాత కొలువు పోయింది; హోదా మాత్రం జనసమూహపు పేరై నిలిచింది.

1948 సెప్టెంబరు 13న భారతసైన్యం హైదరాబాదు రాజ్యంలో ప్రవేశించింది. 17న కాల్పులు ఆగాయి. 18న నిజాం సేనాధిపతి ఎల్ ఇద్రూస్ జనరల్ చౌదురి ఎదుట లొంగిపోయాడు. అనంతరం అరబ్బు దళాలు రద్దయ్యాయి. అనేకులను నిర్బంధించారు; కొందరిని విదేశీయులుగా పరిగణించి ఓడలెక్కించారు. తరాలుగా ఇక్కడే పెళ్లిళ్లు చేసుకుని పిల్లలను కన్నవారికి ఆ 'స్వదేశం' తాతల మాటల్లో విన్న ఊరు మాత్రమే. పైగా హజ్రమౌత్ అప్పుడు కరువు కోరల్లో ఉంది.

ఈ సైనికుని వేదనను ఏ పరిభాషతో చదవాలి? 1915లో చార్లెస్ మయర్స్ 'లాన్సెట్' పత్రికలో చర్చించిన 'షెల్ షాక్', 1980లో అమెరికన్ మనోవైద్యుల వర్గీకరణలో చేరిన పి.టి.ఎస్.డి. - ఈ రెండూ ప్రధానంగా ప్రాణభయం చుట్టూ అల్లుకున్న భావనలు. నాలుగైదు రోజుల్లో ముగిసిన యుద్ధంలో అరబ్బు కాపలాదారుకు తగిలిన దెబ్బను ఇవి పట్టించలేవు. జోనథన్ షే ప్రతిపాదించిన 'నైతికగాయం' ఇక్కడ ఎక్కువగా ఉపకరిస్తుంది. ప్రాణాలు పణంగా ఉన్న వేళ, అధికారంలో ఉన్నవారే ధర్మం తప్పితే సైనికుని మనసు విరుగుతుందని ఆయన వాదం. 1994లో వెలువడిన గ్రంథంలో ఆయన వియత్నాం సైనికులను హోమర్ 'ఇలియడ్'తో కలిపి చదివాడు.

తెలుగు పాఠకునికి ఇక్కడ తిక్కన గుర్తుకు రావడం సహజం. యుద్ధం ముగిశాక కర్ణుడు తన అన్న అని తెలిసిన ధర్మరాజు రాజ్యమే వద్దంటాడు. చేసిన వధ ఒక బాధ. కన్నతల్లి నిజం దాచిందన్నది మరొక బాధ. ఈ రెండు బాధలనూ మన విమర్శ చాలావరకు వైరాగ్యం, శాంతరసం అనే పేర్ల కింద సర్దేసింది. అయితే ధర్మరాజు విజేత. ఆయన శోకం వినడానికి వ్యాసుడు, కృష్ణుడు, భీష్ముడు ఉన్నారు. ఓడిన జీతగాని దుఃఖానికి అలాంటి శ్రోత ఎవరూ లేరు.

పరాజితపక్షంలోనూ మాట్లాడినవారు పైవారే. ఎల్ ఇద్రూస్ స్మృతులు మరణానంతరం అచ్చయ్యాయి. ఆఖరి ప్రధాని లాయక్ అలీ తన గ్రంథంలో సేనాధిపతి సన్నద్ధతను తప్పుపట్టాడు. నింద ఎవరిది అన్న వాదులాటలో, చేతిలోని తుపాకి అప్పగించి వరుసలో నిలబడ్డవాని అనుభవానికి చోటు దొరకలేదు.

తెలుగు సాహిత్యానికి ఈ విషయంలో ఒక న్యాయమైన ఇబ్బంది ఉంది. గడుల కాపలాలోనూ బాకీల వసూలులోనూ అరబ్బును, రోహిల్లాను చూసి భయపడ్డ పల్లె జ్ఞాపకం అబద్ధం కాదు. రజాకార్ల హింస అంతకన్నా కాదు. అందుచేత సాయుధపోరాట సాహిత్యం అతనిలో లాఠీని చూసింది. నెల్లూరి కేశవస్వామి చార్మినార్ కథలు పాతనగరపు కుటుంబాల లోపలికి వెళ్లాయి. 'జల్‌జలా' (1998), 'వతన్' (2004) సంకలనాలు ముస్లిం జీవితానికి గొంతునిచ్చాయి. మాజీ సైనికుడు మాత్రం వీటి అంచుల్లోనే ఉండిపోయాడు. అతన్ని బాధితునిగా మాత్రమే చూపితే పల్లెకు ద్రోహం. పీడకునిగానే వదిలేస్తే చరిత్ర సగమే చదివినట్లు.

బ్రెట్ లిట్జ్ బృందం 2009లో నైతికగాయాన్ని విస్తరించి, తాను చేసిన తప్పునూ ఆపలేకపోయిన ఘోరాన్నీ అందులో చేర్చింది. పోలీసు చర్య తరువాతి హింసలో 27 వేల నుంచి 40 వేల మంది మరణించి ఉంటారని సుందర్‌లాల్ కమిటీ అంచనా. కాపాడటమే వృత్తి అయిన మనిషి, నిరాయుధుడై, ఆ వార్తలను విన్నాడు. అపరాధం, అవమానం, నిస్సహాయత మూడూ ఒకే మనిషిలో ఉండగలవని ఒప్పుకునే పాత్రచిత్రణ తెలుగు నవలలో ఇంకా రావలసే ఉంది.

బార్కస్ పెళ్లిళ్లలో మర్ఫా మోగుతుంది; కత్తులు పట్టి ఆడతారు. దీన్ని అణచిన యుద్ధస్మృతి అని వెంటనే తీర్మానించడం తొందరపాటు, అది ఆనందం కూడా. కానీ ఈ మౌఖిక, ప్రదర్శన సంప్రదాయాలను, ఇళ్లలోని స్త్రీలు చెప్పే తాతల ముచ్చట్లను తెలుగు శాఖల పరిశోధకులు దక్కనీ నేర్చుకుని సేకరించవలసి ఉంది. ఆ కొలువు చేసిన తరంలో మిగిలినవారు అతి స్వల్పం.