చూడని చిత్రము - వినికిడి కీర్తి

బస్తరు పేరెత్తగానే పులితో ఆడుకొన్న బాలుడు చెంద్రును తలచుకొనువారు పలువురు. అతడు నటించిన చిత్రమును ఆసాంతము చూచినవారు కొందరే. నారాయణపూర్ ప్రాంతమునందలి గఢ్‌బెంగాల్ గ్రామపు ఈ మురియా బాలునితో, స్వీడను దర్శకుడు ఆర్నె సుక్స్‌డోర్ఫ్ తీసిన 'ఎన్ జుంగెల్‌సాగా' 1957లో వెలువడినది. రవిశంకర్ సంగీతము కూర్చెను; 1958లో కేన్స్ చిత్రోత్సవమున ప్రదర్శితమైనది.

ఇంత తెలిసినను చిత్రము తెలిసినట్లు కాదు. పులి ప్రక్కన బాలుడున్న ఛాయాచిత్రమొక్కటి లోకమున నిలిచి, చిత్రమునంతటిని కప్పివేసినది. దర్శకుడు మురియా జీవితమును ఎంతవరకు పట్టుకొనెను? ఎంత కల్పించెను? వారిని మనుష్యులుగా చూచెనా, వింతగా చూపెనా? ఇవి చూచినవాడే తేల్చదగిన ప్రశ్నలు. వినికిడిపై మెచ్చుకొన్నను, నిందించినను అది విమర్శ కానేరదు. చదువని కావ్యమును కొనియాడు అలవాటు మన సాహిత్యమునను లేకపోలేదు.

చెంద్రు స్వీడనుకు పోయి వచ్చి, మరల తన పల్లెనే నమ్ముకొని బ్రతికి, 2013లో కన్నుమూసెను. ఇప్పుడు అతనికి కీర్తి కొరత లేదు; చిత్రమునకు ప్రేక్షకుల కొరత కలదు. దానిని బస్తరు పల్లెలలో గోండీ వ్యాఖ్యానముతో ప్రదర్శింపవలెను. అందు కనిపించువారి బిడ్డలే దానికి తొలి విమర్శకులు కావలెను. వారి మాట విన్న పిదపనే దానిని మహాచిత్రమనుటయో, కాదనుటయో మనకు తగును.