డెడ్‌లైన్ అనే ముందు

పత్రికాఫీసుల్లో గడువు అనేవాళ్లు తక్కువ. డెడ్‌లైన్ అనే అంటాం. రోజూ నోట్లో నానే ఈ జంటపదం పుట్టుక తెలిశాక, దాన్ని నేను వాడే తీరు మారింది.

అది అమెరికా అంతర్యుద్ధ కాలం. 1864 ఫిబ్రవరిలో దక్షిణాది ప్రభుత్వం జార్జియాలోని ఆండర్సన్‌విల్‌లో యుద్ధఖైదీలకు ఒక చెరసాల తెరిచింది. చుట్టూ పైన్ దుంగలు నిలువునా పాతిన గోడ. దానికి దాదాపు 19 అడుగుల లోపల, గుంజల మీద కర్రలు పరిచి కట్టిన అతి తేలికపాటి దడి. దాని పేరే డెడ్‌లైన్. ఖైదీ దాన్ని దాటితే, ఒక్కోసారి తాకినా సరే, గోడ మీది మంచెల్లోని కాపలావాళ్లు కాల్చేసేవారు. 14 నెలల్లో సుమారు 45,000 మంది ఆ చెరలో మగ్గారు. 13,000 మంది దాకా చనిపోయారు. వారిలో అత్యధికులు ఆకలికి, మురికినీటికి, రోగాలకు బలైనవాళ్లే. చెర అధికారి హెన్రీ విర్జ్ మీద జరిగిన విచారణలో ఈ హద్దు మాట నమోదైంది. 1865 నవంబరు 10న అతన్ని వాషింగ్టన్‌లో ఉరితీశారు.

ఆ తర్వాత ఇదే మాట అచ్చాఫీసుకు చేరింది. యంత్రం మీద ఒక హద్దు దాటి పేర్చిన అక్షరాలు కాగితం మీద సరిగా పడవు. ఆ హద్దూ డెడ్‌లైనే. 1920 నాటికి పత్రికల గడువుకు ఈ పేరు స్థిరపడింది. ఆ ఏడాది పత్రికారంగం మీద వచ్చిన ఒక మూకీ చిత్రం పేరు 'డెడ్‌లైన్ ఎట్ ఎలెవెన్'.

ఆ రెండు హద్దుల్లో మా గడువుకు దగ్గరిది అచ్చుయంత్రం మీదిదే. లోపలున్నది పాఠకుడికి అందుతుంది, బయటున్నది అందదు. ఆండర్సన్‌విల్ హద్దుకు అవతల తుపాకీ ఉండేది. మా గడువుకు అవతల ఉన్నది మనుషులు: కాపీ దిద్దే సబ్ ఎడిటర్, పేజీ పెట్టే ఉద్యోగి, ప్రెస్ కార్మికులు, తెల్లవారకముందే కట్టలు విప్పే పేపర్ కుర్రాడు. నేను ఆలస్యం చేసిన ప్రతి నిమిషం వాళ్ల నిద్రలోంచి పోతుంది.

అందుకే కొత్తగా చేరిన విలేకరులను డెడ్‌లైన్ పేరు చెప్పి బెదిరించడం నాకు నచ్చదు. భయంతో రాసిన వార్తలో నిజానిజాలు సరిచూసుకునే ఓపిక ముందే చచ్చిపోతుంది. ఎవరు ఎదురుచూస్తున్నారో చెప్పండి. కాపీ వేళకు వస్తుంది, సరిచూసుకుని మరీ వస్తుంది.