ధాన్యకటకంలో కొండదేవత

హ్యూయెన్‌త్సాంగ్ యాత్రాగ్రంథంలోని పదవ అధ్యాయాన ధాన్యకటక వర్ణన స్వల్పమైనది. పాడుబడిన విహారాలపై మక్కువగల ఆధునిక పాఠకులు అందులోనూ ఒక్క ఘట్టాన్నే పట్టుకుంటారు: పూర్వశైల, అపరశైల సంఘారామాలలో భిక్షువులు లేరు; కొండదేవత తోడేలుగానో, కోతిగానో రూపు మార్చుకొని బాటసారులను బెదరగొడుతోంది. (ఆ కొండలు బెజవాడవా, ధరణికోటవా అన్న వివాదం వేరు.)

దీనిని కేవలం దయ్యాల కథగా చదవడం తొందరపాటు. ఇక్కడ వాక్యక్రమం గమనించదగినది. పూర్వం దేవతలు ఆ చోటికి కావలి ఉండేవారనీ, ఏటా వేయిమంది భిక్షువులు అక్కడ వర్షావాసం గడిపేవారనీ యాత్రికుడు ముందుగా చెబుతాడు. పిమ్మట, నూరేళ్ళకు పైగా భిక్షువులు లేరంటాడు. దేవత రూపు మార్చడం ఆ తరువాతి మాట. ఆ భయం వల్లనే చోటు నిర్జనమైందని ముగించినా, అతని కథనమే అందుకు ఎదురు సాక్ష్యం చెబుతోంది. వర్షావాసం చేసేవారు పోయాకనే కావలిదేవత జడిపించే దేవత అయింది.

ఉల్లేఖకులు విడిచిపెట్టే వాక్యం ఇంతకన్న ముఖ్యం. విహారాలు అనేకం పాడుపడినా ఇరవైకి పైగా నిలిచి ఉన్నాయి. భిక్షువులు వేయిమందికి పైగా, అత్యధికులు మహాసాంఘికులు. హుయ్-లీ రచించిన జీవితచరిత్ర ప్రకారం, సుభూతి, సూర్య అనే ఇద్దరు భిక్షువుల వద్ద యాత్రికుడు కొన్ని నెలలు మహాసాంఘిక అభిధర్మం అభ్యసించి, వారికి మహాయాన శాస్త్రాలు బోధించాడు. శ్రీలంకలోని 1344 నాటి గడలాదెనియ శాసనమైతే, ధర్మకీర్తి స్థవిరుడు ధాన్యకటకంలో రెండంతస్తుల ప్రతిమాగృహాన్ని పునరుద్ధరించాడని పేర్కొంటుంది. 7వ శతాబ్దికే ఆంధ్రదేశంలో బౌద్ధం అంతరించిందని వ్రాసేవారు ఈ ఏడు వందల ఏళ్ళను ఎక్కడ ఉంచుతారు?